నవంబరు మీసాల చందా: ఈసారి జనాన్నీ డబ్బునీ పెంచేదెలా? నెల్లూరు, ఒంగోలు వాళ్లు రండి

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. పొగతోటలో మందుల షాపు నాది. పోయిన నవంబరులో మా వీధి కుర్రాళ్లు, కొందరు మెడికల్ రెప్‌లు, నేను కలిసి మగవాళ్ల కేన్సర్ల మీద చిన్న ప్రచారం చేశాం. నెలంతా మీసం పెంచడం, ఫొటో పెట్టడం, ‘నా మీసానికో వంద’ అని తెలిసినవాళ్లను అడగడం. మెల్‌బోర్న్‌లో 2003లో ముప్పై మంది స్నేహితులు సరదాకి మొదలెట్టిన మూవెంబర్ దీనికి మూలం. తొలి ఏడాది వాళ్లు డబ్బేమీ పోగు చేయలేదు. 2004లో ప్రోస్టేట్ (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) కేన్సర్ విరాళాలకు ముడిపెట్టాక దేశదేశాలకు పాకింది. ఇప్పుడు ప్రోస్టేట్ కేన్సర్, వృషణాల కేన్సర్, మగవాళ్ల మానసిక ఆరోగ్యం మూడూ చూస్తున్నారు.

మాకు ముప్పై వేల పైచిలుకు వచ్చింది. టెంటు, మైకు, కరపత్రాలు పోను మిగిలింది తక్కువే. ఈసారి కావలి మీదుగా ఒంగోలు దాకా తీసుకెళ్లాలని ఆశ. నవంబరు 7 జాతీయ కేన్సర్ అవగాహన దినం కదా, ఆ రోజు గాంధీబొమ్మ నుంచి వీఆర్సీ సెంటర్ దాకా నడక పెడదామనుకుంటున్నాం. జనం ఎలా వస్తారు, చందాలు ఎలా పెరుగుతాయి, వచ్చిన డబ్బు దేనికి పెట్టాలి? మొహమాటం లేకుండా చెప్పండి.

సంతపేట_సెలూన్ (ఒంగోలు)

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నా అన్నా. మన దగ్గర మీసం పెంచితే ఎవరు చూస్తారు? నా షాపుకొచ్చే మగవాళ్లలో మీసం లేనివాణ్ని వెతుక్కోవాలి. పైగా నవంబరంటే కార్తీకం, అయ్యప్ప మాలలు. మండలం రోజులు గడ్డం ముట్టని స్వాములు ప్రతి వీధిలో ఉంటారు. మీ వాలంటీరు గడ్డంతో ఎదురుపడితే ‘స్వామి శరణం’ అని పోతారు గానీ ఎందుకు పెంచావని అడగరు. మాకు గిరాకీ పడిపోయే నెల కూడా అదే.

పోనీ తిరగేసి మీసం తీయిద్దామంటే, తండ్రి బతికుండగా తీయకూడదనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కుర్రాడు తీయించుకుని ఇంటికెళ్తే వాళ్లమ్మ వచ్చి నన్ను తిడుతుంది.

అయితే ఒకటి. మగాడు ఫోను పక్కనపెట్టి అరగంట కదలకుండా కూర్చునేది మా కుర్చీలోనే. గడ్డం గీసేటప్పుడు బుగ్గ ఉబ్బించమంటాం. కొందరికి బుగ్గ సాగదు, లోపల చెక్కలాగా బిగుసుకుపోయి ఉంటది. నోరు సరిగ్గా తెరవలేరు. కొందరికి మెడ కింద గడ్డ చేతికి తగుల్తది. ఏందబ్బయా ఇది అంటే ‘వక్కపొడేలే, గుట్కా కాదు’ అంటారు. ఏం చెప్పాలో మాకెవరైనా నేర్పిస్తే అక్కడే చెప్తాం.

నర్సక్క_ఒంగోలు

తమ్ముడూ, మీ షాపు సంగతి విన్నాక ఈ టాపిక్‌లో నాకు ప్రాణం లేచొచ్చింది. ‘వక్కపొడేలే’ అనేవాళ్లకు చెప్పండి: పొగాకు కలవకపోయినా వక్క కేన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. బుగ్గ బిగుసుకుపోయి నోరు తెరుచుకోకపోవడం దాని ముందు మెట్టు. మామూలుగా మూడు వేళ్లు నిలువుగా పెడితే నోట్లో పట్టాలి. రెండే పడుతున్నాయంటే చూపించుకోవాలి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు, ఇవి మిగతావి.

పెన్నాగట్టు గారూ, ఇక్కడ నాదో పేచీ. మూవెంబర్ వాళ్లది ఆస్ట్రేలియా. అక్కడి మగవాళ్లకు ప్రోస్టేట్ పెద్ద సమస్య, కాబట్టి దాన్ని పట్టుకున్నారు. మన దేశంలో మగవాళ్లకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది నోటి కేన్సర్. మన ఊళ్లలో చందా ఎత్తుతూ నోటి సంగతి రెండో పేజీలో పెడితే ఎలా? ప్రోస్టేట్ వద్దనడం లేదు, వరస మార్చమంటున్నాను.

ప్రభుత్వం వాళ్లు ముప్పై దాటిన అందరికీ ఇంటింటి పరీక్షలు చేయిస్తున్నారు. కేన్సర్లలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం చూస్తారు. అంటే మగవాడికి చూసేది నోరొక్కటే. ఆ ఒక్కటీ జరగట్లేదు, ఎందుకంటే ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త) వెళ్లే టైముకి అయ్యగారు ఇంట్లో ఉండరు. చేలోనో, క్వారీలోనో, సముద్రం మీదో ఉంటారు. ఉన్నా ‘నాకేం జబ్బు లేదు, ఆమెకు చూడండి’ అంటారు. టార్చి లైటేసి నోరు చూడటం చిన్న పనిగా కనిపిస్తుంది గానీ, తిరువనంతపురం దగ్గర ఏళ్ల తరబడి ఇదే చేసి చూశారు. పొగాకు, మందు అలవాటున్నవాళ్లలో నోటి కేన్సర్ చావులు సుమారు మూడో వంతు తగ్గాయని 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది.

కొండపి_రైతు

నేను పొగాకు రైతుని. ఈ మాట చదవగానే కొందరు మొహం చిట్లిస్తారని తెలుసు, అయినా రాస్తున్నా.

మాకు బ్యారన్ (పొగాకు కాల్చే కొట్టం) ఉంది, లైసెన్సు ఉంది, బ్యాంకులో అప్పు ఉంది. పొగాకు బోర్డు 1976 నుంచి ఉంది. టంగుటూరు, కొండపి, ఒంగోలు, పొదిలి, వెల్లంపల్లి, ఏ వేలం కేంద్రానికైనా వెళ్లి చూడండి, అక్కడున్నోళ్లు రాక్షసులు కాదు. ఆ మధ్య ఎవరో ఒక కేంద్రం గేటు దగ్గర పుర్రె బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు. గంటలో పీకేశారు మావోళ్లు. పంట మీద తిడితే ఇక నోరు చూపించేవాడెవడు? మా నాయన తరం చుట్టలు కాల్చింది, మా కుర్రాళ్లు ఖైనీ నములుతున్నారు. మా ఊళ్లోనూ నోట్లో పుండ్లున్నాయి. పంట సంగతి పక్కనపెట్టి మనిషి సంగతి మాట్లాడితే వింటారు.

ఇంకోటి. నవంబరులో మాకు నాట్లు. రైతు జేబులో అప్పు కాగితాలు తప్ప ఏముంటాయి? వేలాలు మొదలయ్యేది చలికాలం పోయాక. అప్పుడు ఒక్కో కేంద్రం దగ్గర వందలమంది మగవాళ్లు పొగాకు బేళ్లు (కట్టలు) పెట్టుకుని పొద్దుటి నుంచి ఊరికే కూర్చుని ఉంటారు. చేతిలో డబ్బు ఆడేదీ అప్పుడే. మీకు జనమూ కావాలి, చందా కూడా కావాలంటే నవంబరెందుకు?

పెన్నాగట్టు

అన్నా, మంచి మాట చెప్పారు. నవంబరుతో ఇంకో చిక్కు కూడా ఉంది, మనకు అసలు వానలు అప్పుడే. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. పోయినసారి మా టెంటులో సగం రోజు మేమే తలదాచుకున్నాం.

యూరో_పొగతోట

యూరాలజిస్టుని. నెల్లూరులోనే ప్రాక్టీసు. నర్సక్క చెప్పిన వరస మార్పు సరైనదే. ప్రోస్టేట్ గురించి మాత్రం ఒక హెచ్చరిక, ఎందుకంటే ఇలాంటి ప్రచారాలు కాస్త పెద్దవి కాగానే ఎవరో ఒకరు ‘ఉచిత పీఎస్ఏ క్యాంపు’ (ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) అంటారు. వినడానికి బాగుంటుంది. దయచేసి పెట్టకండి.

పీఎస్ఏ రక్తపరీక్ష కేన్సర్ ఉందో లేదో తేల్చదు. వయసుతో గ్రంథి వాచినా పెరుగుతుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. రీడింగ్ 4 నుంచి 10 మధ్య వచ్చినవాళ్లలో బయాప్సీ (ముక్క పరీక్ష) చేస్తే నలుగురిలో సుమారు ముగ్గురికి కేన్సర్ ఉండదు. క్యాంపులో చీటీ మీద 6.2 అని రాసిచ్చి పంపేస్తే ఆ పెద్దాయన ఆ రాత్రి నిద్రపోడు. తర్వాత ఎంఆర్ఐకి, బయాప్సీకి ఎవరు తీసుకెళ్తారు? ఇంకో పక్క, దొరికిన కేన్సర్లలో కొన్ని చాలా నెమ్మదిగా పెరిగేవి. వాటికి ఆపరేషన్ చేస్తే మూత్రం ఆగకపోవడం లాంటి ఇబ్బందులే మిగలొచ్చు. అందుకే అమెరికా నిపుణుల సంఘం కూడా 2018లో 55 నుంచి 69 ఏళ్ల మధ్యవాళ్లు డాక్టరుతో మాట్లాడుకుని సొంతంగా నిర్ణయించుకోమంది, 70 దాటాక మామూలు స్క్రీనింగ్ వద్దంది.

ప్రచారంలో చెప్పాల్సింది ఇంతే: తండ్రికో అన్నదమ్ములకో ప్రోస్టేట్ కేన్సర్ వచ్చి ఉంటే 45 నుంచే డాక్టరుతో మాట్లాడండి. మూత్రంలో రక్తం కనిపిస్తే ఆగకండి. రాత్రిళ్లు నాలుగుసార్లు లేవడం ఎక్కువమందిలో కేన్సర్ కాదు, కానీ దానికీ వైద్యం ఉంది, సిగ్గుపడి భరించక్కర్లేదు.

సెలూన్ ఆలోచన గురించి: లాస్ ఏంజెలెస్‌లో బార్బర్ షాపుల్లో బీపీ చూసి, అక్కడే ఫార్మసిస్టుతో మందులిప్పించారు. ఫలితం బాగా వచ్చిందని 2018లో పెద్ద జర్నల్‌లోనే అచ్చయింది. నవ్వుకునే విషయం కాదు.

కావలి_హాస్టల్

సార్, నేను ఇంజినీరింగ్ చదువుతున్నా. వృషణాల కేన్సర్ కుర్రాళ్లకే వస్తుందంటారు, నిజమేనా? హాస్టల్లో అడిగితే నవ్వుతారు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

యూరో_పొగతోట

నిజమే బాబూ. అరుదైన జబ్బే గానీ ఎక్కువగా 15 నుంచి 40 లోపు వాళ్లకే వస్తుంది. చిన్నప్పుడు వృషణం కిందికి దిగనివాళ్లకు ప్రమాదం ఎక్కువ. వేణ్నీళ్ల స్నానం తర్వాత నెలకోసారి నువ్వే చూసుకో. రెండూ కొంచెం తేడాగా ఉండటం మామూలే. నొప్పి లేని గట్టి గడ్డ తగిలితే, నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. ముందే పడితే నూటికి తొంభై ఐదు మందికి పైగా నయమవుతుంది. కేన్సర్లలో ఇంత మంచి మాట చెప్పగలిగేవి కొన్నే. నవ్వేవాళ్లకు ఈ పోస్టు పంపు.

నిర్వాహకుడు

పైన ఉన్న ఒక పోస్టు తొలగించాం. ‘మా ఆకుపసరుతో కేన్సర్ గ్యారంటీగా తగ్గుతుంది’ అని ఫోన్ నంబరుతో సహా పెట్టారు. కేన్సర్ తగ్గిస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. మళ్లీ పెడితే ఖాతా ఆపేస్తాం. చర్చ కొనసాగించండి.

డల్లాస్_కావలోడు

మాది కావలి, ఇక్కడ మనవాళ్లం చాలామందిమే ఉన్నాం. మూవెంబర్ సైటులోనే ఒక టీమ్ పెట్టేసి మేం డాలర్లు వేస్తాం, అది సులువు కదా? లేదంటే పెన్నాగట్టు అన్న ఫోన్‌పే నంబరుకి ఇండియాలోని మా అకౌంట్ల నుంచి పంపేస్తాం. చెప్పండి, ఈ రాత్రికే గ్రూపులో పెడతా.

ఆడిటర్_ట్రంకురోడ్డు

ఆగండాగండి. ఈ రాత్రికి పెట్టకండి.

మూవెంబర్ సైటులో వేస్తే ఆ డబ్బు మూవెంబర్ వాళ్ల కార్యక్రమాలకు వెళ్తుంది, పొగతోటకు రాదు. అది మంచిదే, మీ ఉద్దేశం అది కాదు. ఇక ఒక మనిషి సొంత ఖాతాలో చందాలు పడితే అవి ఆయన డబ్బులాగే కనిపిస్తాయి. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చింది 50,000 దాటితే ఆ మొత్తమంతా ఆయన ఆదాయం కిందికి వస్తుంది. పోయినేడు ముప్పై వేలు కాబట్టి సరిపోయింది. ఈసారి డల్లాస్ వాళ్లు ఉత్సాహపడితే పెన్నాగట్టు గారు నోటీసు అందుకుంటారు.

విదేశీ డబ్బుకు ఇంకో గీత ఉంది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు అమెరికాలో ఉన్నా సరే, బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే మాత్రం, చేతిలో ఓసీఐ కార్డున్నా (విదేశీ పౌరులైన మనవాళ్లకు ఇండియా ఇచ్చేది), అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా కావాలి. మీకు అవి లేవు. కాబట్టి డల్లాస్ తమ్ముడూ, ముందు మీలో ఎవరికి ఏ పాస్‌పోర్టు ఉందో చూసుకోండి.

నా సలహా: ఏడుగురు కలిసి సొసైటీ రిజిస్టర్ చేయించుకోండి, దాని పేరు మీద ఖాతా తెరవండి. సొసైటీకి, దాతలకు పన్ను మినహాయింపు తెచ్చే రిజిస్ట్రేషన్లు (12ఎ, 80జి అంటుంటారు) తర్వాత చూద్దాం. 80జి ఉన్నా 2,000 దాటిన నగదుకు మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే రాదు. ఆ ఆశ చూపించి చందా అడగకండి. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద ఇచ్చే) డబ్బు గురించి కలలు కనేవాళ్లకు: మూడేళ్ల పని చూపించాలి, సీఎస్ఆర్-1 ఫారం వేయాలి. ఈ ఏడాదికి ఇవేమీ వద్దనుకుంటే, ఇప్పటికే పేరున్న సంస్థకు దాతలే నేరుగా కట్టేలా చేసి రసీదులు మీరు పోగుచేయండి. నెల్లూరు రెడ్‌క్రాస్ వాళ్లకు కేన్సర్ ఆసుపత్రే ఉంది. చెన్నై అడయార్ ఇన్‌స్టిట్యూట్ 1954 నుంచి ఉంది, మనవాళ్లకు కొత్తది కాదు.

చీమకుర్తి_క్వారీ

పెద్ద ఆసుపత్రికి ఇస్తే మన డబ్బు సముద్రంలో కాకిరెట్ట. నా మాట వినండి. మా బావకు దవడ కేన్సర్. వైద్యానికి కార్డు ఉంది, ఆరోగ్యశ్రీ అనండి, ఎన్టీఆర్ వైద్య సేవ అనండి. ఆపరేషన్‌కి, రేడియేషన్‌కి మేం కట్టుకున్నది పెద్దగా లేదు. అది తేలేదాకా తిరిగిన తిరుగుడే మమ్మల్ని ముంచింది. ఒక చోట స్కానింగ్, ఇంకో చోట ముక్క పరీక్ష, రిపోర్టు కోసం మళ్లీ ప్రయాణం. రోజుకూలీ ఆయనది, తోడెళ్లినందుకు నాదీ పోయింది. రేడియేషన్ వారాల తరబడి ఉంటది, అక్కడే గది తీసుకోవాలి, తిండి చూసుకోవాలి. సగంలో ఆపేసి ఇంటికొచ్చేస్తానన్నాడు. మా అక్క గాజులు పెట్టింది గాబట్టి ఆగాడు.

ఫ్లెక్సీలకి పెట్టే డబ్బు ఇట్టాంటి పదిమందికి పెట్టండి. చందా ఇచ్చినోడికి కూడా ‘నీ రెండు వందలు ఫలానా పేషెంటు వారం భోజనానికి పోయింది’ అని చెప్పొచ్చు. వాడు వచ్చే ఏడాది వాడంతట వాడే ఇస్తాడు. ఫ్లెక్సీలో ఎమ్మెల్యే గారి బొమ్మ పెద్దదా, స్పాన్సరు బొమ్మ పెద్దదా అనే గొడవా ఉండదు.

నర్సక్క_ఒంగోలు

క్వారీ తమ్ముడి మాటకు ఒకటి కలుపుతాను, చాలామంది వాడుకోవట్లేదు. కేన్సర్ పేషెంటు వైద్యానికి రైల్లో వెళ్తే స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వచ్చే ఒకరికి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి నుంచి రైల్వే ఫారం రాయించుకుని కౌంటర్లో ఇవ్వాలి. ఒంగోలు, నెల్లూరు నుంచి చెన్నై వెళ్లేవాళ్లకు దీనికి చందా డబ్బు అక్కర్లేదు, ఫారం చేతిలో పెట్టే మనిషి చాలు. మిగిలింది స్టేషన్ నుంచి ఆటో, గది, తిండి, పోయిన కూలి. అక్కడ పెట్టండి డబ్బు.

బుచ్చి_కోడలు (బుచ్చిరెడ్డిపాలెం)

నర్సక్క తప్ప అందరూ మగవాళ్లే మాట్లాడుతున్నారు కాబట్టి దూరుతున్నాను. మగవాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లేది ఎవరు? ఇంట్లో ఆడవాళ్లు. మా మామగారు పుండుని పన్ను గుచ్చుకుందని నెట్టుకొచ్చారు. నోరు చూపించకపోతే అన్నం పెట్టనని మా అత్తమ్మ అంటేనే కదిలారు. అదృష్టం కొద్దీ అది పన్నే. మీ కరపత్రం డ్వాక్రా సంఘాల మీటింగుల్లో పంచండి, మగవాళ్ల చేతికిస్తే వేరుశనక్కాయల పొట్లం అవుతుంది.

నవంబరు వదలకూడదనుకుంటే కార్తీక వనభోజనాలు ఉన్నాయి. ప్రతి సంఘం వాళ్లూ తోటల్లో చేరతారు, భోజనాలయ్యాక మైకు ఖాళీగా ఉంటుంది. చందాలు రాయించుకోవడం అక్కడ కొత్త కాదు. ఒక్క పది నిమిషాలు అడగండి. వానొస్తే వాళ్ల షామియానా ఉంటుంది.

కొండపి_రైతు

నేనూ ఒకటి అడుగుతా. వేలం సీజన్‌లో బేలుకు ఇంత అని మా రైతులు వేసుకుంటే మీరు తీసుకుంటారా? పొగాకు డబ్బు అని వెనక్కిస్తారా?

యూరో_పొగతోట

నేనైతే తీసుకోను. మీమీద కోపంతో కాదు. రేపు ఇదే దారిలో ఒక సిగరెట్ కంపెనీ చెక్కు పట్టుకొస్తే ఏమని కాదంటాం? పొగాకు పరిశ్రమను ఇలాంటి పనులకు దూరంగా ఉంచాలన్న అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం 2004లోనే చేరింది.

చీమకుర్తి_క్వారీ

డాక్టరు గారూ, కంపెనీ వేరు, రైతు వేరు. మా బావకు అన్నం పెట్టినోడు పొగాకు రైతైతే ఆ అన్నం చేదవుద్దా?

పెన్నాగట్టు

దీని మీద నా మాట: కంపెనీ దగ్గర, వ్యాపారి దగ్గర వద్దు. రైతు తన పేరుతో, ఊరి మనిషిగా ఇస్తే తీసుకుందాం, బేలు లెక్కన మాత్రం వద్దు. డాక్టరు గారు ఒప్పుకోకపోయినా కమిటీలో ఉండాలని నా కోరిక.

గాంధీబొమ్మ నడక మానేస్తున్నాం. డల్లాస్ తమ్ముడు గ్రూపులో ఇప్పుడే పెట్టొద్దు, సొసైటీ అయ్యాక ఆడిటర్ గారు చెప్పినట్టు. ముందుగా ఒంగోలులో సెలూన్ వాళ్లకు శిక్షణ పెడదాం. ఆదివారం అందరికీ కుదురుతుందా?

సంతపేట_సెలూన్

ఆదివారం మాకు ఊపిరాడదన్నా! మంగళవారం పెట్టండి, మా సెలవు. సంఘంలో అడిగాను, పాతికమంది దాకా వస్తామన్నారు. మేం నోట్లో వేళ్లు పెట్టి చూడాలా?

నర్సక్క_ఒంగోలు

వద్దు తమ్ముడూ, చేతులు పెట్టొద్దు. మూడు వేళ్లు ఆయన్నే పెట్టుకోమనండి, అద్దం మీ ఎదురుగానే ఉంది. పట్టకపోతే, పుండుంటే, మెడలో గడ్డ తగిలితే చీటీ ఇచ్చి ఎక్కడికెళ్లాలో చెప్పడం వరకే మీ పని. ‘నీకు కేన్సర్’ అనే మాట మీ నోట రాకూడదు. చీటీ మీద ఏ ఆసుపత్రి పేరు రాయాలో ముందు డీఎంహెచ్ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో మాట్లాడి లెటర్ తీసుకోవాలి, అది పెన్నాగట్టు గారి పని. మంగళవారం నాకు పొద్దున డ్యూటీ, మూడు తర్వాత వస్తాను.

సంతపేట_సెలూన్

మూడున్నర అని చెప్పేస్తా. చీటీలు తెలుగులో పెద్ద అక్షరాలతో కొట్టించండన్నా, మా పెద్దోళ్లకు కళ్లద్దాలుంటాయి గానీ షాపుకి తేరు.